ఊరి చెట్లపై గూడబాతులు: ఉద్దాన తీరమున వన్యప్రాణి రక్షణ చరిత్ర

పూండి రైలుస్టేషనున దిగి తూర్పునకు నడచువానికి కొలది దూరములోనే ఇసుకనేలయు, కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలును ఎదురగును. ఉద్యానవనమను మాటయే జనుల నాలుకపై ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఉత్తరమున మహేంద్రగిరి 4,900 అడుగులకు పైబడిన యెత్తున నిలిచియున్నది. నైరుతి దిక్కున నౌపడ ఉప్పుకొఠారులును, వానిని చేర్చుకొని తంపర భూములును కలవు. కొండ, తోట, చిత్తడి, కడలి ఈ నాలుగును ఇంత చేరువగా నున్న సీమలు అరుదు. అందుచేతనే ఇచ్చట మనుష్యునకును మృగపక్షులకును ముఖాముఖి తప్పదు. చరిత్రకారులు రాజుల పట్టాభిషేకములను, యుద్ధములను, దానశాసనములను వ్రాసిరిగాని, కొంగ యే ఋతువున వచ్చెను, ఎలుగు ఏ తోటలో తిరిగెను అను సంగతులను వ్రాసినవారు బహు కొలదిమంది. ఉన్న సాక్ష్యములను ఒకచో కూర్చి చూచినచో, ఈ సీమవారు పక్షులను కాచుటలో ప్రభుత్వ శాసనములకంటె ముందుండిరనియు, ఎలుగు విషయమున మాత్రము శాసనము వచ్చినను ఆచారము ఏర్పడలేదనియు తెలియగలదు.

కళింగదేశమున ప్రాణిరక్షణ మొదట రాతిపై వ్రాయబడినది. క్రీ.పూ. 261 ప్రాంతమున కళింగ యుద్ధము ముగిసిన పిమ్మట అశోకచక్రవర్తి గంజాం జిల్లాలో ఋషికుల్యా నదికి చేరువనున్న జౌగడ బండపై తన ధర్మలిపులను చెక్కించెను. 1850 లో ఆ లిపులకు ప్రతి తీయించినవాడు సర్ వాల్టర్ ఎలియట్. ఆయన ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండినవాడు. తెలుగువారు చెట్టుచేమలకు పెట్టుకొన్న పేర్లను సేకరించి 1859 లో ఒక గ్రంథముగా ప్రకటించినవాడు. దొరతనము చేయవచ్చినవాడు ఊరివారి నోటి మాటలను ఇంత శ్రద్ధతో వ్రాసికొనుట మెచ్చదగినది.

జౌగడలోని మొదటి లిపి రాజుగారి వంటశాల లెక్కను చెప్పుచున్నది. పూర్వము దినదినము లక్షలకొలది ప్రాణులు కూరలకై చంపబడుచుండెననియు, ఆ శాసనము వ్రాయునాటికి రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, అందును లేడి నిత్యము కాదనియు, ఇకమీదట ఆ మూడును చంపబడవనియు దాని తాత్పర్యము. రెండవ లిపిలో మనుష్యులకును పశువులకును చికిత్స యేర్పాటు చేసినట్లున్నది. ఇందొక విశేషము కలదు. కళింగ యుద్ధమున లక్షమంది హతులైరని పశ్చాత్తాపముతో చెప్పెడి పదుమూడవ లిపి ఇతర స్థలములలో నున్నది గాని జౌగడలో లేదు. దానికి బదులు అధికారులకు హితవు చెప్పెడి వేరు లిపులున్నవి. ఓడిన జనుల యెదుట ఆ మాట యెత్తుటకు చక్రవర్తి సంకోచించెనని పండితులు తలంతురు. మనుష్యుల లెక్కను దాచినవాడు నెమళ్ల లెక్కను మాత్రము దాచలేదు.

ప్రాచీన రాజనీతిలోను ఈ విషయము లేకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సూనాధ్యక్షుని ప్రకరణమందు అభయవనములలోని మృగపక్షి మత్స్యములను పట్టినవారికిని చంపినవారికిని దండనలు విధింపబడినవి; హంస, క్రౌంచము, చక్రవాకము, నెమలి మొదలగు పక్షుల పేర్లు అందున్నవి. ఆ గ్రంథముననే కళింగదేశపు ఏనుగులు శ్రేష్ఠములని చెప్పబడినది. కాళిదాసు రఘువంశమున రఘువు దిగ్విజయమునకు వచ్చినపుడు కళింగరాజు గజబలముతోనే ఆయనను ఎదుర్కొనెను. ఆ యుద్ధము మహేంద్రగిరి సమీపమున జరిగినట్లు వర్ణన. అంతటి ఏనుగులు ఈ జిల్లా కొండలనుండి తొలగిపోయి, జనులు వానిని గుడి గోడలపైనను సర్కసు డేరాలలోనను మాత్రమే చూచు కాలము వచ్చెను. 2007 లో ఒడిశాలోని లఖారి లోయనుండి ఒక మంద శ్రీకాకుళము జిల్లాలోనికి దిగినపుడు పల్లెలవారు దిగ్భ్రాంతులైరి. కావ్యములో కళింగ గజములను చదివి ఆనందించుట వేరు, రాత్రివేళ చెరకుతోటలో ఆ గజము ఘీంకారమును వినుట వేరు. తరములు గడచుటచే ఏనుగుతో మెలగెడి తెలివి ఈ ఊళ్లలో మాసిపోయినది. ఒక ప్రాణితో కలసి బ్రదుకుటకు కావలసినది దయ మాత్రమే కాదు, అలవాటు కూడ.

ఆ అలవాటు చెడక నిలిచియున్నచోటు టెక్కలి మండలములోని తేలినీలాపురము. ఆ గ్రామమునకు ఏటేట సెప్టెంబరు, అక్టోబరు మాసములలో రెండు జాతుల పెద్దపక్షులు వచ్చి, చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, మార్చి, ఏప్రిలు మాసములకు మరల పోవును. అందొకటి గూడబాతు. పొలములకు నీరు తోడుటకు ఇద్దరు మనుష్యులు తాళ్లు పట్టి ఊపెడి గూడను ఎరిగినవారికి ఈ పేరు వివరింపనక్కరలేదు. దాని క్రింది ముక్కునకు వ్రేలాడెడి తోలుసంచితో అది నీటిని చేపలతో సహా ఎత్తి, నీరు జార్చి, చేపలను మ్రింగును. రైతు చేతి పనిముట్టును పక్షి నోట చూచి పేరు పెట్టినవాడు ఎవ్వడోగాని, శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లకంటె ఇది చక్కగా అతికినది. రెక్కలు చాచినచో ఏడెనిమిది అడుగుల వెడల్పుండును. రెండవది ఎర్రకాళ్ల కొంగ. మూడడుగులకు మించిన పొడవు, పసుపుపచ్చని ముక్కు, రెక్క చివర గులాబి రంగు ఈకలు దాని గుర్తులు. కొంచెము తెరచిన ముక్కును నీటిలో నుంచి, చేప తగిలినంతనే మూయును.

ఇవి అడవిలో గాక ఊరినడుమ, ఇండ్ల పెరళ్లలోని చెట్లపై గూళ్లు కట్టుట వింతగా తోచును. ఇది తేలినీలాపురమునకే ప్రత్యేకము కాదు. జెర్డన్ అను వైద్యుడు 1836 లో మద్రాసునకు వచ్చి, మొదట గంజాం ప్రాంతములోని సైనికులకు చికిత్స చేయుచు, తీరికవేళల తూర్పుకనుమల పక్షులను పరిశీలించెను. ఆయన 1862 మొదలు 1864 వరకు ప్రకటించిన భారతదేశ పక్షుల గ్రంథమున కర్ణాటక సీమలోని ఒక గ్రామమును గూర్చి వ్రాసెను. అచ్చట గూడబాతులు ఊరినడుమ చెట్లపై తరతరములుగా గూళ్లు కట్టుచు, మనుష్యులకు జంకక యుండెనట. 1902 లో కడప జిల్లా బుచ్చుపల్లెలో గూడబాతులును ఎర్రకాళ్ల కొంగలును కలసి గూళ్లు కట్టుట కనిపించెను. 1906 లో తిరునెల్వేలి జిల్లాలోని కూందన్‌కుళమును చూచినవారు ఆ ఊరిజనులు పక్షులను దైవసమానముగా చూచుచున్నారని తెలిపిరి. మైసూరు సీమలోని కొక్కరె బెళ్ళూరునకు కొంగల పేరే ఊరి పేరైనది. అనంతపురపు సీమలో వీరాపురము చింతచెట్లపై ఎర్రకాళ్ల కొంగలు ఇట్లే వచ్చి చేరును. ఈ గ్రామములలో దేనియందును మొదట ప్రభుత్వము చొరవ చేయలేదు.

పక్షి ఊరిని వెదకి వచ్చుటకు కారణమున్నది. మనుష్యసంచారమున్నచోట గ్రుడ్లను, పిల్లలను అపహరించెడి గ్రద్దలకును అడవిపిల్లులకును ధైర్యము చాలదు. చింత, రావి వంటి పెద్దచెట్లు పొలములలో తరిగిపోయినను పెరళ్లలో మిగిలియుండును. కూతవేటు దూరమున కాకున్నను రెక్కలకు అందుబాటులో నౌపడ చిత్తడి యున్నది; వర్షాకాలము వెళ్లునప్పటికి అందు చేప సమృద్ధిగా నుండును. గూడబాతు మూడు నాలుగు గ్రుడ్లు పెట్టి సుమారు ముప్పది దినములు పొదుగును. పిల్ల ఎగురుటకు మరి మూడు నాలుగు మాసములు పట్టును. అన్ని మాసములు గంపెడాకలిగల పిల్లలకు చేప తెచ్చి పెట్టవలసినదే. చిత్తడి ఎండినచో ఊరివారి ఆదరణ ఎంతయున్నను ఆ గూళ్లు నిలువవు.

అతిథిసత్కారమని వినుటకు ఇంపుగానే యుండును గాని దాని ఖర్చును కూడ లెక్క వేయవలెను. గూళ్లున్న చెట్టుక్రింద అరుగుపై కూర్చుండుట కష్టము. తెల్లని రెట్ట గోడలను, కప్పులను, ఆరవేసిన బట్టలను కప్పివేయును. పిల్లల నోటినుండి జారిన చేపలు క్రుళ్లి ఆ నాలుగైదు మాసములు వాసన వేయును. రెట్ట తాకిడికి ఆకులు మాడి చింతకాపు తగ్గును. కొక్కరె బెళ్ళూరులో అటవీశాఖవారు చింతపండు నష్టమునకు చెట్ల యజమానులకు పరిహారమిచ్చుట ఈ కారణముచేతనే. ఇంత సహించి, పిల్లవాడు రాయి విసరినను మందలించెడి ఇల్లాలిని ఏ అర్థశాస్త్రకారుడును అధ్యక్షపదవిలో నియమింపలేదు. పక్షులు రాని యేడు అరిష్టమని ఆ ఊరివారి నమ్మకము. దీనిని మూఢత్వమని త్రోసివేయుట తొందరపాటు. వానలు కురియనిచో చిత్తడి నిండదు. చిత్తడి నిండనిచో చేప లేదు. చేప లేనిచో పక్షి రాదు. పక్షి రాని యేడు వరికి కూడ చెడ్డయేడే. జనులు ఫలితమును చూచి నియమము చేసికొనిరి.

ఇచ్ఛాపురము మండలమున తేలుకుంచి యను మరియొక గ్రామము కలదు. అచ్చటికి వచ్చునవి వేరు పక్షులు. ముక్కు రెండు దవడల నడుమ సందుండుటచే వానిని చిల్లుముక్కు కొంగలందురు. ఇవి తొలకరితో పాటు జూనులో వచ్చును. వరిమళ్లలోని నత్తలే వీని ముఖ్యాహారము. గుల్లను పగులగొట్టక, సందుగల ముక్కుతో మాంసమును నేర్పుగా బయటికి తీయును. రైతునకు నత్త తగ్గుట లాభమే.

ఇచ్చట ఒక పొరపాటును సవరింపవలసి యున్నది. ఈ పక్షులన్నిటిని సైబీరియా పక్షులని పిలుచుట జిల్లాలో వాడుకయైనది. పలకలపైనను పత్రికలలోను అట్లే కనిపించును. సైబీరియానుండి శీతకాలమున భారతదేశమునకు వచ్చు పక్షులు లేకపోలేదు. సూదితోక బాతులును, ఉల్లంకి జాతులును చాలదూరమునుండి చిలుక సరస్సునకును ఈ తీరపు చిత్తడులకును వచ్చును. అయితే అవి చలికి తాళలేక తిండికై వచ్చి, వేసవికి తమ దేశమునకు పోయి అచ్చటనే గ్రుడ్లు పెట్టును. తేలినీలాపురపు చెట్లపై గ్రుడ్లు పెట్టెడి పక్షికి పుట్టినిల్లు తేలినీలాపురమే. మచ్చల ముక్కుగల ఈ గూడబాతు భారతదేశము, సింహళము, కాంబోడియా మొదలగు దేశములదే గాని సైబీరియాది కాదు. ఇతర మాసములలో ఇది చేప దొరకెడి చెరువులను, సరస్సులను వెదకికొనుచు ఈ దేశములోనే సంచరించును. ఈ భేదము చిన్నది కాదు. దూరదేశపు అతిథి యన్నచో, ఇచ్చట ఆదరణ తగ్గినను తన దేశమున సుఖముగా నుండుననుకొనవచ్చును. ఇంటిబిడ్డయన్నచో ఆ ఊరట లేదు.

బిడ్డ ఇల్లు విడచిన ఉదాహరణము కొల్లేటి సీమలోనే కలదు. 1946 లో నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామమున గూడబాతుల గొప్ప స్థావరమును కనుగొనెను. అప్పుడు అచ్చట సుమారు మూడువేల పక్షులు గూళ్లు కట్టుచుండెను. 1975 ప్రాంతమునకు ఆ స్థావరము అంతరించెను. బర్మాలో సిట్టాంగ్ నదీప్రాంతమున 1877 లో అసంఖ్యాకములుగా చూడబడిన గూడబాతుల గూళ్లకును తుదకు అదే గతి పట్టెను. ముప్పది సంవత్సరములలో మూడువేల పక్షుల ఊరు ఖాళీయగుట తేలినీలాపురమువారు మరువదగిన విషయము కాదు.

ఇక శాసనముల మాట. ఆంగ్లేయుల పాలనలో మొదట రక్షణ పొందినది ఏనుగు. అది బరువులు మోయగలదు గనుక. మద్రాసు ప్రభుత్వము 1873 లోను, భారత ప్రభుత్వము 1879 లోను ఏనుగుల రక్షణకు చట్టములు చేసినవి. పులికి, చిరుతకు మాత్రము తలకింతయని బహుమానమిచ్చి చంపించిరి. 1887 నాటి అడవిపక్షుల చట్టము పురపాలక సంఘముల యందును దండు ప్రదేశములయందును గ్రుడ్లు పెట్టు కాలమున చంపిన పక్షులను అమ్మరాదనెను. పల్లెకు దానితో పనిలేదు. ఆ కాలమున పాశ్చాత్య స్త్రీల టోపీలకు తెల్లకొంగ యీకలు లక్షలకొలదిగా ఎగుమతి యగుచుండెను. 1902 లో ఆ ఎగుమతి నిషేధింపబడెను. 1912 లో మరియొక చట్టము వచ్చెను. వీనినన్నిటిని మించినది స్వతంత్ర భారతమున 1972 లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టము. ఎలుగుబంటి, సముద్రపు తాబేలు దాని మొదటి అనుబంధమున చేరి మిక్కిలి గట్టి రక్షణ పొందినవి. ఆ అనుబంధములోని ప్రాణిని వేటాడినవారికి మూడేండ్లకు తక్కువగాని కారాగారశిక్ష కలదు. తేలినీలాపురమున అటవీశాఖవారు కావలి నియమించి, చూపరులకు ఎత్తైన మంచెను కట్టించిరి. ఇది మంచి పనియే. అయితే చట్టము పక్షిని కాచునంత సులభముగా పక్షి తిండిని కాచలేదు.

ఆ తిండియున్న చిత్తడులకు ఉద్దాన ప్రాంతమున రెండు పేర్లున్నవి. సోంపేట వైపు బీల యనియు, కాకరాపల్లి, నౌపడల వైపు తంపర యనియు అందురు. కాగితములపై వానికి మరియొక పేరున్నది, బంజరు. గ్రామ లెక్కలు తెలిసినవారికి ఈ మాట బలము తెలియును. వరి పండక శిస్తు రాని నేల ఏదైనను బంజరే. అందు చేప పట్టుకొని బ్రదుకువారు, పశువులను మేపువారు, తుంగకోసి చాపలల్లువారు ఎందరున్నను ఆ గడిలో వారికి చోటు లేదు. పక్షికి అసలే లేదు. ఇట్టి నేలలను బొగ్గుతో విద్యుత్తు పుట్టించెడి కర్మాగారములకు కేటాయించినపుడు రైతులును మత్స్యకారులును ఎదిరించిరి. 2010 జూలై 14 వ తేదీన సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28 వ తేదీన కాకరాపల్లి ప్రాంతమునను పోలీసు కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. సోంపేట కర్మాగారమునకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ 2010 జూలైలోనే రద్దుచేసెను. బీల చిత్తడినేలయే గాని బంజరు కాదను వాదము నిలిచెను. ఆ ఉద్యమమున ముందు నిలిచినవారు పక్షిశాస్త్రము చదివినవారు కారు. తమ వలలో పడెడి చేపకై పోరాడిరి. ఆ చేపయే గూడబాతునకును ఆహారము. కొంగలను కాచిన చరిత్రలో ఈ రెండు తేదీలకు చోటీయనిచో ఆ చరిత్ర సగమే.

నీరు నిలిచినంత మాత్రమున చాలదు, నీటి స్వచ్ఛతయు కావలెను. 2021 డిసెంబరు, 2022 జనవరి మాసములలో తేలినీలాపురమున నూరింటికి పైగా గూడబాతులు చెట్లనుండి రాలి చచ్చినవి. కడుపులో పరాన్నజీవులైన ఏలికపాముల వంటి పురుగులున్నట్లు పరీక్షలో తేలెను. చెరువుల చేపలద్వారా అవి పక్షులకు సోకెనని అధికారులు చెప్పిరి. అదే చెట్లపైనున్న ఎర్రకాళ్ల కొంగలకు ఆ తెగులు తగులలేదు. చిత్తడి చుట్టును చేపల, రొయ్యల చెరువులు పెరుగుటవలన మేలును కీడును కలసి వచ్చినవి.

కడలి యొడ్డున మరియొక అతిథి కలదు. ఆలివ్ రిడ్లీ యను సముద్రపు తాబేలు జనవరి మొదలు రాత్రివేళ ఇసుకపైకి వచ్చి, గుంట త్రవ్వి, నూరుకు పైగా గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి పోవును. ఒడిశాలోని గహిర్‌మథలో 1974 లోను, ఋషికుల్యా ముఖద్వారమున 1994 లోను వీని మహాస్థావరములు శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చెను. శ్రీకాకుళము తీరమున అంత గుంపుగా రాకపోయినను, ఏటేట వచ్చును. అటవీశాఖవారు గ్రుడ్లను తెచ్చి కంచెలలో పూడ్చి, నలువది యైదు మొదలు అరువది దినములకు పిల్లలు వెలువడగా సముద్రమున విడచుచున్నారు. తాబేలు నీటిలోనున్నను ఊపిరికి పైకి రావలసిన ప్రాణి. మరపడవల వలలో చిక్కినచో మునిగి చచ్చును. ఆంధ్ర తీరమున వేటనిషేధము ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు. తాబేళ్లు ఒడ్డునకు చేరువగా తిరుగు మాసములు చాలభాగము అంతకు ముందే గడచిపోవును.

ఇంతవరకు చెప్పిన ప్రాణులను ప్రేమించుట కష్టము కాదు. ఎలుగుబంటి మాట వేరు. ఉద్దానపు తోటలలో ఎలుగులు తిరుగుట జగమెరిగినదే. జీడిపండు, పనసపండు, తేనె, చెదపురుగులు దానికి ఇష్టమైన ఆహారములు. అవి నాలుగును తోటలలో దొరకును. కొబ్బరితోటల క్రింద పెరిగిన మొగలి, ముళ్లపొదలు పగటి పడకకు చాలును. దానికి చూపు తక్కువ, వాసన పసికట్టు శక్తి ఎక్కువ. చెదపుట్టలో మూతిపెట్టి పీల్చునపుడు తాను చేయు సద్దులో మనిషి అడుగుల చప్పుడు వినబడదు. దగ్గరకు వచ్చిన పిమ్మట తటాలున చూచినచో పారిపోవుటకంటె మీదపడుటయే దాని స్వభావము. వీపుపై పిల్లలను మోయుచున్న తల్లియైనచో చెప్పనక్కరలేదు. తినుటకు మనిషిని చంపెడి మృగము కాదది.

కొండ విడచి తోటకు అది యేల వచ్చెనను ప్రశ్నకు సమాధానము కొంత చరిత్రలోనే యున్నది. మందస మొదలగు జమీందారీలలో కొండల అడవి జమీందారుది. కట్టెపుల్లకు కూడ రైతు అనుమతి కోరవలెను. ఆ హక్కులకై జరిగిన పోరాటములోనే 1940 ఏప్రిలు 1 వ తేదీన గుడారి రాజమణిపురమున సాసుమాన గున్నమ్మయు మరికొందరును పోలీసు కాల్పులలో మరణించిరి. జమీందారీలు పోయినవి, అడవియు పలుచబడినది. ఈలోగా ఇసుకనేలలో జీడితోటలు దట్టమై, అడవికంటె అడవివలె తయారైనవి. ఎలుగు లెక్కలో తోట తన తిండియున్న చోటు. రైతు లెక్కలో అదే తన జీవనాధారము. ఇద్దరును అబద్ధమాడుటలేదు.

2018 జూనులో సోంపేట మండలము ఎర్రముక్కాములో ఎలుగు దాడిచేసి భార్యాభర్తలను చంపెను; గ్రామస్థులు ఎలుగును చంపిరి. అదే యేడు అక్టోబరు 11 వ తేదీన తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటి లక్షలకొలది కొబ్బరి, జీడిచెట్లను నేలకూల్చెను. కూలిన చెట్లను తీయలేని తోటలు పొదలై, ఎలుగునకు మరింత చాటును, మనుష్యునకు మరింత గండమును కల్పించినవి. 2022 జూనులో వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒక రైతు మరణించెను. మరునాడు పలువురు గాయపడిరి. అటవీశాఖవారు మత్తుమందు సూది విసరి ఎలుగును పట్టి విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలకు తరలించుచుండగా అది త్రోవలోనే చచ్చెను. మృతుని ఇంట దుఃఖమును చూచినవారి యెదుట వన్యప్రాణి చట్టమును చదివి వినిపించుట మర్యాద కాదు. అట్లని కనిపించిన ఎలుగునెల్ల కర్రలతో చుట్టుముట్టుటవలన గాయములు తగ్గలేదు, పెరిగినవి. పారుటకు దారిలేని ఎలుగే ఎక్కువమందిని గాయపరచును.

కొంగలతో తేలినీలాపురమువారికి అలవడిన ఒప్పందము ఎలుగుతో ఉద్దానమువారికి ఇంకను అలవడలేదు. అయినను అనుభవము గల రైతులు కొన్ని పద్ధతులు పాటించుచున్నారు. జీడిపిక్కలేరుటకు తెల్లవారకముందు ఒంటరిగా పోరు. ఇద్దరు ముగ్గురు కలసి, మాటలాడుకొనుచు, కర్రతో కొమ్మలను తట్టుచు నడచుదురు. పొదల దాపునకు పోవలసివచ్చినచో ముందు కేక వేయుదురు. పండిన పనసను చెట్టునే విడువక దించివేయుదురు. పిక్క తీసిన జీడిపండ్లను ఇంటిచేరువ కుప్పపోయరు. పిల్లలతోనున్న ఎలుగు ఏ తోటలో కనబడినదో సాయంకాలమే ప్రక్క ఊళ్లకు కబురు పంపుదురు. మార్చి మొదలు జూను వరకు, జీడి, పనస పండెడి ఆ నాలుగు మాసములలోనే ఈ కబురునకు అవసరమెక్కువ.